అబూ రిబ్హీ తాగని కాఫీ

మా మరిది అబూ రిబ్హీ ఎవరింటికి వెళ్ళినా కాఫీ వేడిగా తాగిన పాపాన పోలేదు. కాఫీ అంటే ప్రాణం పెట్టే మనిషే. చేతికిచ్చిన కప్పు అందుకుంటాడు, ఏలకుల వాసన గుండెల నిండా పీలుస్తాడు, కళ్ళు మూసుకుంటాడు. అంతా అయ్యాక కప్పుని తన ముందు నేలమీద పెట్టేసి, "నాకొక మాట ఇస్తేనే తాగుతాను" అంటాడు. ఇక ఆ మాట దక్కేదాకా కప్పూ కదలదు, మనిషీ కదలడు.

ఈ సంగతి నేను చెబితేనే సరిగ్గా ఉంటుంది. నేనంటే ఫర్హాన్ తల్లిని, ఉమ్ ఫర్హాన్‌ని. మా ఊరు ఖిర్బెత్ సిద్రాలో ఆరో తరగతి దాకా చదివిన మొదటి ఆడపిల్లని. ఈ హెబ్రాన్ కొండల్లో ట్రాక్టరు ఎక్కిన మొదటి ఆడదాన్ని. సంతలో నేను గొర్రె పళ్ళు చూసి వయసు చెబితే కసాయివాళ్ళు ఎదురు మాట్లాడేవాళ్ళు కాదు. ఊరికి నీళ్ళ ట్యాంకు తెప్పించింది కూడా నేనే, ఎవరేం చెప్పుకున్నా సరే. మా ఆయన పోయాక ఈ మరిది భారం కూడా నా నెత్తినే పడింది. ట్యాంకు తెప్పించడమే తేలిక.

అతని పేరుకీ ఒక కథ ఉంది. పుట్టబోయే కొడుక్కి రిబ్హీ అని పేరు ముందే అనుకుని, పెళ్ళయిన మర్నాటినుంచే "రిబ్హీ నాన్న" అని పిలిపించుకున్నాడు. రిబ్హీ పుట్టలేదు. భార్య పోయింది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

కప్పు కింద పెట్టడం మా దగ్గర కొత్తేం కాదు. పిల్లనడగడానికి పెద్దలు వెళ్తారు, హత్య జరిగిన ఇంటికి రాజీ కోసం వెళ్తారు. ఇంటాయన కాఫీ పోస్తాడు. వెళ్ళిన పెద్ద కప్పు ముట్టడు. "మీ కాఫీ తాగండి, మీరడిగింది ఇచ్చాం" అని ఇంటాయన నోటివెంట వచ్చాకే తాగుతాడు. అతిథి కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళిపోతే ఆ ఇంటికి అంతకు మించిన తలవంపు లేదు. పెళ్ళికీ చావుకీ దాచుకోవలసిన ఆ మర్యాదని మావాడు ఈగలు తోలుకోవడానికి కూడా వాడేవాడు.

మా ఊళ్ళో అబూ లాఫీకి ఒక కోడిపుంజు ఉండేది. దానికి పొద్దు ఎప్పుడు పొడుస్తుందో తెలియదు. ఎప్పుడు పడితే అప్పుడు కూసేది. మావాడు వెళ్ళి కప్పు కింద పెట్టాడు.

"ఆ పుంజుని తీసుకెళ్ళి ఊరవతల కొట్టంలో కట్టెయ్యి."

"అది నీకేం చేసిందయ్యా? నీ ఇల్లు ఆ చివర! దాని కూత నీ చెవిన పడనే పడదు."

"కాఫీ చల్లారుతోంది."

"అదికాదు, అసలు నీకేం పని..."

"చల్లారిపోయింది. ఇక నీ ఇష్టం."

పుంజు కొట్టానికి వెళ్ళింది. ఆ వారం పక్కింటి బాలింత కాస్త కునుకు తీసిందని విన్నాను.

ఇంకోసారి మావాడు పట్నం వ్యాను డ్రైవరు ఇంట్లో కూర్చున్నాడు. దిగువ బావి దగ్గర వ్యాను ఆపుతానంటేనే తాగుతాడట. డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు. "బాబాయ్, నువ్వు జన్మలో నా వ్యాను ఎక్కలేదు. ఎక్కడికైనా గాడిదమీదే పోతావు. నేనెక్కడ ఆపితే నీకెందుకు?" వాడి పెళ్ళాం కూడా బతిమాలింది. చివరికి వ్యాను బావి దగ్గర ఆగడం మొదలైంది. కాలు సరిగ్గా లేని ఫౌజియా అక్కడే ఎక్కేది. మావాడు మాత్రం గాడిదమీదే పోయేవాడు.

ఇలా ఊళ్ళో నవ్వుకుంటూ ఉండగా బడికి నోటీసు వచ్చింది.

మా బడి రెండు రేకుల గదులు. ఏదో చలిదేశం డబ్బిచ్చింది, తలుపుమీద తన జెండా బొమ్మ అతికించుకుంది. సనాబిల్ అని పట్నంనుంచి వచ్చిన చక్కటి టీచరు, మా ఊళ్ళోనే గది తీసుకుని ఉండేది. అనుమతి లేకుండా కట్టారు కాబట్టి కూల్చేస్తామని, ఈ కొండల్ని ఏలుతున్న పరాయి సైన్యం తలుపుమీద కాగితం అంటించింది, సరిగ్గా ఆ జెండా పక్కన. అనుమతి అడిగితే ఇవ్వరు. ఇవ్వలేదు కాబట్టి లేదు. లేదు కాబట్టి కూలుస్తారు. ఆ బడి పోతే పిల్లలు కొండమీది కొత్త కాలనీ కిందనుంచి నడిచి పక్క ఊరికి పోవాలి. ఆ దారిలో కాలనీవాళ్ళు పైనుంచి రాళ్ళు రువ్వుతారు. ఏ తల్లి పంపుతుంది? ఆడపిల్లల చదువు అక్కడితో సరి.

అప్పట్నుంచి తెల్ల జీపుల రాక మొదలైంది. ఒక్కో జీపులో ఒక్కో దేశం. దిగుతారు, బడి చూస్తారు, పిల్లల తల నిమురుతారు, విలేకరుల ముందు నిలబడి ఆందోళన వ్యక్తం చేస్తారు. కొన్నాళ్ళకి ఆందోళనలో రకాలు మాకు బాగా తెలిసొచ్చాయి. మామూలు ఆందోళన అంటే ఫోటో దిగి వెళ్ళిపోతారు. తీవ్ర ఆందోళన అంటే నీళ్ళ సీసాలు కూడా ఇచ్చి వెళ్తారు. అత్యంత తీవ్ర ఆందోళన అంటే ఇక ఆ దేశం మనిషి మళ్ళీ కనపడడు.

చలిదేశం కార్యాలయం రామల్లా నగరంలో ఉంది. నేనూ మావాడూ వెళ్ళాం. మాట్లాడేది నేనని దారిపొడుగునా చెప్పాను. అక్కడి అధికారి చాలా మంచివాడు, పాపం. కాఫీ తెప్పించాడు. నేను నోరు తెరిచేలోపే కప్పు కింద పెట్టేశాడు మావాడు.

"బడి కూల్చకుండా ఆపిస్తానని మాటిస్తే తాగుతాను."

అధికారి కంగారుపడ్డాడు. "కాఫీ బాగాలేదా?" అని టీ తెప్పించాడు. మావాడు దాన్నీ పక్కన పెట్టాడు. పళ్ళరసం వచ్చింది. తర్వాత పాలు వచ్చాయి. బల్లమీద చోటు చాలక కాగితాలు కుర్చీమీదికి మార్చారు. చివరికి అధికారి చెయ్యి గుండెమీద పెట్టుకుని, మా ప్రభుత్వం తీవ్ర ఆందోళనలో ఉందన్నాడు.

మావాడు నా చెవిలో, "వదినా, ఇతను మనకంటే ఎక్కువ బెంగపెట్టుకున్నాడు. ఆ కాఫీ ఇతనికే పట్టించు" అన్నాడు.

ఈ వింత టీవీవాళ్ళ చెవిన పడింది. కెమెరాలు దిగాయి. నేను వంటింటి ముందు నిలబడి బడి గురించి, బావి గురించి, నా ట్రాక్టరు గురించి వివరంగా చెప్పాను. ఒక్క ముక్క వెయ్యలేదు. వాళ్ళకి కావలసింది కప్పు.

"తాతగారూ, కప్పుని వెలుతురులోకి జరుపుతారా? కళ్ళలో కాస్త తడి... వస్తుందా?"

"ఎందుకు రాదు? బడి నిలబెట్టండి, ఆనందబాష్పాలే వస్తాయి. నా కాఫీ చెడగొట్టుకుంటున్నది ఇందుకు కాదు." అంతటితో ఊరుకున్నాడా, కెమెరాలోకి చూసి, "బడికి ఏ భయమూ లేదని తేలేదాకా ఎవరింటా, నా ఇంట్లో కూడా, కాఫీ ముట్టను" అనేశాడు.

ఆ దేశాల్లో ఏం అనువాదం చేసుకున్నారో దేవుడికే తెలియాలి. పేద గొర్రెల కాపరికి తాగడానికి కాఫీ దొరకడం లేదని ప్రపంచమంతా పాకింది. నెల తిరక్కుండా పార్సిళ్ళు వచ్చిపడ్డాయి. ఎర్ర పొట్లాలు, పచ్చ పొట్లాలు, నీళ్ళలో వేస్తే కరిగిపోయే పొడి, చాక్లెట్ వాసన వచ్చే పొడి! మా గొర్రెలు కూడా కాఫీ వాసన వేసేవి. బడి కూల్చడం ఆపమని మేం అడిగాం. మాకు కాఫీ దొరికింది. ఊరంతా తాగింది. తాగనివాడు అతనొక్కడే. తలనొప్పి రాకుండా నుదుటికి గుడ్డ బిగించుకుని తిరిగేవాడు.

ఒకరోజు పొద్దున్నే, పిల్లలు బడి ముందు వరసలో నిలబడుతుండగా వాళ్ళు వచ్చారు. ముందు సైనికుల బళ్ళు, వెనక పసుప్పచ్చ బుల్‌డోజరు. లోపల ఉన్నవాళ్ళు వెంటనే బయటికి రావాలన్నారు. పుస్తకం తీసుకునే వ్యవధి కూడా లేదు. మమ్మల్ని ఒక తాడు కట్టి దాని ఇవతలకి నెట్టారు. నా మనవరాలు నా ముసుగు కొస పట్టుకుని, "నానమ్మా, నా రంగు పెన్సిళ్ళు బల్లలో ఉన్నాయి" అంటోంది. ట్రాక్టరు నడిపినదాన్నే, ఆ యంత్రం ముందు నా చేతులు ఆడలేదు.

అప్పుడు అబూ రిబ్హీ తాడు దాటి వెళ్ళాడు. మా భాష తెలిసిన అధికారి ఎదురొచ్చాడు.

"ముసలాయనా, వెనక్కి పో."

"పోతాను నాయనా. గొంతు ఎండిపోతోంది. నీ ఫ్లాస్కులో ఏముంది?"

"కాఫీ."

"ఒక్క కప్పు పొయ్యి."

అధికారి తెల్లబోయాడు. చుట్టూ చూశాడు. ఒక కుర్ర సైనికుడికి సైగ చేశాడు. వాడు మూతలో పోశాడు. మావాడు వాసన చూసి మొహం చిట్లించాడు.

"ఏలకులు వెయ్యలేదా?"

"లేదు."

"చక్కెర వేశారు కదూ? మాకు చక్కెర పడదు. ఇంకెవరి దగ్గరైనా చక్కెర లేనిది ఉందేమో కనుక్కో బాబూ. ముసలివాణ్ణి, ఏమీ అనుకోకు."

సైనికులు నవ్వారు. ఫ్లాస్కులు వెతికారు. ఒకడు మూత తీసి వాసన చూస్తే, ఇంకొకడు తనదే మంచిదన్నాడు. బుల్‌డోజరు నడిపేవాడు కూడా ఇంజను ఆపి కిందికి వంగి చూశాడు. అంతకు ముందురోజు ఊళ్ళోకి వచ్చిన విదేశీ ఫోటోగ్రాఫరు గబగబా బొమ్మలు తీసుకున్నాడు. చివరికి ఎవడి ఫ్లాస్కులోనో చేదు కాఫీ దొరికింది. మావాడు అందుకున్నాడు, పీలుస్తూ కళ్ళు మూసుకున్నాడు, చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆ తర్వాత ఒక రాతిమీద పెట్టాడు.

"ఆ యంత్రాన్ని వెనక్కి తిప్పితేనే తాగుతాను."

కుర్రవాళ్ళకి అర్థం కాలేదు. అధికారికి అయింది. చూపు పక్కకి తిప్పుకున్నాడు. "ఆ మర్యాద ఇక్కడ చెల్లదు ముసలాయనా. నువ్వు నా ఇంటికి అతిథిగా రాలేదు."

"రాలేదు. నా ఊళ్ళో నిలబడి నిన్ను కాఫీ అడుక్కున్నాను. తప్పెక్కడుందో నువ్వే చూసుకో."

బడి కూలడానికి ఎంతోసేపు పట్టలేదు. రేకులు మడతపడిన చప్పుడు లోయంతా పాకింది. జెండా బొమ్మ ఉన్న తలుపు వెల్లకిలా పడింది. వాళ్ళు వెళ్ళిపోయాక నేను రాతి దగ్గరికి పోయి చూశాను. కాఫీ అంచుదాకా నిండుగా ఉంది, పైన తెల్లటి దుమ్ము.

మర్నాడు ఆ ఫోటో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. అందులో బుల్‌డోజరు లేదు, బడి లేదు. ఒక సైనికుడు కాఫీ పోస్తున్నాడు, ఒక ముసలాయన చెయ్యి చాపుతున్నాడు. కింద "కొండల్లో ఒక కప్పు శాంతి" అని రాశారు. దానికి బహుమతి కూడా వచ్చిందట. చలిదేశం అధికారి ఆ ఫోటో చూసి చాలా ఆశ కలిగిందని కబురు పంపాడు. ఆ నెల ప్రకటనలో "తీవ్ర" అన్న మాట తీసేశారు.

మావాడికి మాత్రం ఊళ్ళో మొహం చెల్లలేదు. "ఏం బాబాయ్, సైనికుడి కాఫీ కమ్మగా ఉందా?" అని వ్యాను డ్రైవరు ఎగతాళి చేశాడు. అబూ లాఫీ అతనికి మర్యాదకైనా కాఫీ పొయ్యడం మానేశాడు. ముట్టలేదయ్యా, నా కళ్ళతో చూశాను అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఆరో తరగతి చదివినదాన్ని, అబద్ధమాడనని ఊరందరికీ తెలుసు. అయినా ఫోటో ముందు నా మాట ఎవరు వింటారు? అతను మాత్రం నుదుటి గుడ్డ ఇంకాస్త బిగించుకున్నాడు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున అతని ఇంటి వెనకనుంచి వెళ్తుంటే గొర్రెల్ని తోలే గుహలోంచి అక్షరాలు వినపడ్డాయి. గొర్రెలేమో బయట ఎండలో నిలబడి ఉన్నాయి. లోపల చూద్దును కదా, బడి బల్లలు! నల్లబల్ల, చలికాచుకునే పొయ్యి, పుస్తకాల పెట్టె, అన్నీ ఉన్నాయి. నా మనవరాలు ఎర్ర పెన్సిలుతో గాడిదని గీస్తోంది.

సనాబిల్ టీచరు వేలు పెదవులమీద పెట్టింది. "మెల్లగా, పెద్దమ్మా. బాబాయి నాకు ఎప్పుడో చెప్పి పెట్టారు, 'నేను సైనికుల్ని కాఫీ అడిగానంటే నువ్వు వెనక కిటికీ తెరువు' అని. ఆయన చక్కెర గురించి బేరమాడుతున్నంతసేపూ నేనూ పెద్ద పిల్లలూ గుంపులోంచి జారుకుని, ఇవన్నీ ఆ కిటికీలోంచి వెనక లోయలోకి దించుకున్నాం. బయటికి పొక్కితే వచ్చి పట్టుకుపోతారని నోరు విప్పొద్దన్నారు."

గుహ ముందు రాతిమీద కూలబడ్డాను. పుంజు గుర్తొచ్చింది, బాలింత గుర్తొచ్చింది. బావి దగ్గర వ్యాను ఎక్కుతున్న ఫౌజియా గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి తనకోసం ఒక్క కప్పు కింద పెట్టలేదు.

తిన్నగా అతని ఇంట్లోకి వెళ్ళాను. మర్యాద తప్పనివాడు కదా, తను తాగకపోయినా, అతిథుల కోసం నేను తెచ్చి అతనింట పెట్టిన పొడితోనే కాచి నాకు పోశాడు. నేను అందుకుని కింద పెట్టాను.

"ఏమిటిది వదినా?"

"నువ్వు తాగితేనే నేను తాగుతాను."

"కుదరదు. బడికి భయం లేదని తేలాలి. మాటిచ్చాను."

"గుహని కూల్చమని కాగితం ఇంకా రాలేదుగా?"

"వస్తుంది."

"వచ్చిన రోజున మళ్ళీ మానేద్దువుగాని. ఇవాళ బడి నడుస్తోంది, విను."

వెనకనుంచి పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు. అతను నా కప్పు వంక చూశాడు. అతిథిని నేను. ఇల్లు అతనిది. తలవంపు అతనిది. ఈ కొండల్లో అతన్ని ఆ మూలకి నెట్టగలిగింది నేనొక్కదాన్నే, అది కూడా నా ఘనతల్లో రాసుకోవచ్చు.

"మీ కాఫీ తాగండి వదినా," అన్నాడు గొంతు సవరించుకుని, "మీరడిగింది ఇచ్చాను."

తనకీ పోసుకున్నాడు. ఎంతకాలం తర్వాతో! రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు. అలాగే ఆగిపోయాడు. మెల్లగా ఒక కన్ను తెరిచాడు.

"వదినా, ఇది ఆ దేశాలవాళ్ళు పంపిన పొడేనా?"

"ఆఁ. చాక్లెట్ వాసనది."

కప్పు కింద పెట్టాడు. చెయ్యి గుండెమీద వేసుకున్నాడు.

"నేను తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నాను."