ఒళ్లో జముకు

నా పాటలంటే జనం చప్పట్లు కొడతారన్న ధీమా నాకెప్పుడూ ఉంది. ఆ సాయంత్రం అనకాపల్లి సభలో మాత్రం ఈ ప్రాంతపు పెద్దలు కట్టిన పాటలకు వయొలిన్లు, కీబోర్డు చేర్చి పాడుతున్నాను. చివరి పాట కట్టినాయన కొండకర్ల నుంచి వచ్చి ముందు వరసలోనే కూర్చున్నాడు. జముకుల కథ చెప్పే మనిషి. తన పాట వస్తే వంత పాడకుండా ఉండలేడట, తీగ మీటి వాయించే జముకును ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆయన పాట పల్లవి అయింది, చరణాలూ అయ్యాయి. ఆయన వేలు తీగ మీదే ఉంది గానీ కదల్లేదు. ఎక్కడ చెడగొట్టాను? ఆ వేలు తప్ప నాకింకేమీ కనిపించలేదు.

చప్పట్లు ఆగాక ఆయన స్టేజి దగ్గరకొచ్చాడు.

"బాగా పాడేవు బాబూ. మరి నా పాట ఎప్పుడొత్తాది?"