ఎర్తు తీగ లేని ప్లగ్గు

అరవైల్లో సంగతి. అనకాపల్లిలో మా మేనమామ దగ్గర కరెంటు వైరింగ్ పని చేసేవాణ్ణి. పర్మిట్ ఆయనకుంది, నాకు లేదు. ఏ ఇంట్లో కొత్త ప్లగ్గు పెట్టినా, పర్మిట్ ఉన్నవాడు రిపోర్టు మీద సంతకం చేసి కరెంటాఫీసులో ఇవ్వాలి. ఆయన ఆ కాగితం నా ముందుకు తోసి, "నా సంతకం నువ్వే ఎట్టెయ్‌రా అల్లుడా. నీ చెయ్యయితే ఏటి, నా చెయ్యయితే ఏటి?" అనేవాడు. నా మీద అంత నమ్మకమా అని పొంగిపోయేవాణ్ణి.

ఒకరోజు, మేం కొత్త ప్లగ్గు పెట్టిన ఒక ఇంట్లో, బెల్లం వ్యాపారి భార్య ఇస్త్రీపెట్టె ముట్టుకోగానే షాక్ కొట్టి పడిపోయింది. ప్రాణానికేమీ కాలేదు గానీ, ఆఫీసు నుంచి సూపర్‌వైజరు వచ్చి నా చేతే ఆ ప్లగ్గు విప్పించాడు. మూడో కన్నం వెనక ఎర్తు తీగ లేదు. వేద్దామని ఆనాడు నేనంటే, "అక్కర్లేదు, ఎవడు సూత్తాడురా?" అన్నది మావయ్యే. రిపోర్టులో మాత్రం వేసినట్టే రాయించాడు.

కబురు అంది మావయ్య వచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రిపోర్టు చూశాడు.

"బాబూ, ఈ సంతకం నాది కాదండి. ఈడే నా పేరు ఎట్టేసేడు."

"మావయ్యా!" అన్నాను. నా వైపు చూడనేలేదు.

నాకు మరి పర్మిట్ రాలేదు. ఆ పనే మానేసి కిరాణా కొట్టు పెట్టుకున్నాను. ఆయన మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఎవరికని చెప్పుకోను? ఆ రోజు ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.