ఎంగిలి సబ్బు

తొంభైల చివర్లో మా రాయదుర్గం వైపు ఎవరిని కదిపినా కంప్యూటర్ మాటే. మాదాపూర్‌లో గుండ్రటి భవనం ఒకటి లేస్తోంది, అది పూర్తయితే అందరికీ ఉద్యోగాలేనని చెప్పుకునేవారు. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. ఒకరోజు అన్నం తింటూ ఆయన కూడా, "నువ్వూ ఏదైనా కోర్సులో చేరరాదూ" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. తణుకులో బీఎస్సీ కెమిస్ట్రీ ఫస్టు క్లాసులో పాసైనదాన్ని. పెళ్లయ్యాక ఆ చదువు పోపులపెట్టె దాటి బయటికి రాలేదు. "నేను సబ్బు తయారు చేస్తాను" అనేశాను. ఆ క్షణం దాకా అలాంటి ఆలోచన నాకే లేదు.

అన్నాక వెనక్కి తగ్గడం నా ఒంట్లో లేదు. రెండు బస్సులు మారి జీడిమెట్ల వెళ్లి, ఫ్యాక్టరీలకు సరుకు అమ్మే ఒక దుకాణంలో కిలో కాస్టిక్ సోడా కొన్నాను. దుకాణదారు దాన్ని రెండు కవర్లలో కట్టి ఇస్తూ, "నీళ్లల్ల దీన్ని ఎయ్యాలె గని, దీని మీద నీళ్లు పొయ్యొద్దమ్మా. జర పైలం" అన్నాడు.

"తెలుసండి" అన్నాను కాస్త కటువుగా.

నిజంగానే తెలుసు. అల్యూమినియం గిన్నెలో కలిపితే గిన్నెనే తినేస్తుందని తెలుసు కనుక స్టీలు బకెట్ తీశాను. కళ్లలో చింది పడకూడదని మా ఆయన స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని, అద్దం దించి, డాబా మీద ఎండలో కూర్చున్నాను. సోడా వేయగానే నీళ్లు వాటంతటవే సలసల కాగాయి. అవి చల్లారాక నూనెలో పోసి చెక్క తెడ్డుతో కలుపుతూ పోయాను. ఎదురింట్లో గోడ కట్టే మేస్త్రీలు పని ఆపి మరీ చూశారు. గంటసేపటికి గరిటెజారుగా చిక్కబడింది. చెప్పుల అట్టపెట్టెలో ప్లాస్టిక్ కవరు పరిచి అందులో పోశాను. మర్నాడు కోస్తే తెల్లగా, గట్టిగా, ముచ్చటైన సబ్బులు వచ్చాయి. తీసుకెళ్లి మా ఆయనకు చూపించాను. ఆయన తలూపారు.

సబ్బును నెల రోజులు గాలికి ఆరనివ్వాలి. ఆ తర్వాత నాలిక కొన ఆనించి చూడాలి. చురుక్కుమంటే సోడా ఎక్కువైనట్టు, అది ఒంటికి పనికిరాదు. ఇదీ నాకు తెలుసు.

పదో రోజున మా ఇంట్లో గిన్నెలు తోమే పెద్దమ్మ సెలవు అడిగింది. ఆమెది పాలమూరు వైపు. నానక్‌రామ్‌గూడలో కిరాయి గదిలో ఉండేది. జీతమిచ్చేదాన్నయినా మొదటి రోజు నుంచీ నన్ను "బిడ్డా" అనే పిలిచేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. కూతురు ఆమె దగ్గరే ఆడపిల్లను కన్నది. "రేపటికి ఇరవై ఒక్క దినాలు బిడ్డా. తొట్టెల ఏస్తున్నం" అంది. పాపను ఉయ్యాలలో వేసే వేడుక అన్నమాట.

నాకు ఉత్సాహం ఆగలేదు. రెండు సబ్బులు కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టాను. "రేపు పాపకి దీంతోనే స్నానం చేయించు పెద్దమ్మా. స్వయంగా చేశాను" అన్నాను. నాలికతో చూద్దామని ఒక్క క్షణం అనిపించింది. కానీ పసిపిల్లకు ఇచ్చేది ఎంగిలి చేసి ఇస్తామా? మానేశాను.

మర్నాడు పొద్దున్న, మా ఆయన ఆఫీసుకు వెళ్లాక, మిగిలిన సబ్బుల్లో ఒక ముక్కతో చేతులు కడుక్కున్నాను. వేళ్ల సందుల్లో మంట మొదలైంది. ఆ ముక్కనే నాలికకు ఆనిస్తే చురుక్కున కొట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. సోడా లెక్క మొత్తం కొబ్బరినూనెకు వేశాను. కలిపేటప్పుడు నూనె చాలక సగం రేషను పామాయిలు పోశాను. పామాయిలుకు సోడా తక్కువ సరిపోతుంది. ఫస్టు క్లాసు కెమిస్ట్రీ నూనె మార్చింది, సోడా తగ్గించడం మరిచింది.

చేతులు సరిగా కడుక్కున్నానో లేదో కూడా తెలియదు. తాళం వేసి రోడ్డు మీదికి ఉరికాను. షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుంటే, డ్రైవరు ప్రతి మలుపులోనూ మనుషుల కోసం ఆపుతున్నాడు. "జనం చాలు, పోనివ్వు బాబూ" అని రెండుసార్లు కసిరాను. ఇరవై ఒక్క రోజుల చర్మం ఎంత పలచగా ఉంటుందోనన్నదే ఆలోచన. దారంతా ఏడుపు ఆపుకుంటూనే ఉన్నాను.

వాళ్ల గది సందులోకి తిరగగానే పాప గుక్కపట్టి ఏడవడం వినిపించింది. పరుగున వాకిట్లోకి వెళ్లాను. పెద్దమ్మ పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కాళ్ల మీద బోర్లా పాప, పాప వీపు నిండా ఏదో తెల్లగా.

"ఏంది బిడ్డా, గిట్ల ఉరికొచ్చినవ్?"

"సబ్బు పెట్టావా పెద్దమ్మా పాపకి?"

"పసిపోరికి సబ్బేంది? ఏడాది దాంక మాకు శనగపిండే."

దగ్గరికి వెళ్లి చూశాను. శనగపిండే. పాప ఏడుస్తున్నది స్నానం గిట్టక. నేనక్కడే నేల మీద కూలబడి బావురుమన్నాను. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

జరిగింది ఒక్క ముక్కా దాచకుండా చెప్పేశాను. ఆమె విని, గూట్లోంచి కాగితం పొట్లం తెచ్చి ఇచ్చింది. చుట్టింది చుట్టినట్టే ఉంది.

"మరి నిన్న ఎందుకు తీసుకున్నావు?" అన్నాను. అంతటి సంతోషంలోనూ కొంచెం పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఆశపడి ఇస్తివి. వద్దంటే నీ మనసు నొస్తదని."

తర్వాత పాపను ఎత్తుకోమంది. నా చేతులు చాచబోయి ఆగిపోయాను. ఆమెకు అర్థమై, ఆ చేతుల మీద చెంబుతో నీళ్లు పోసి ఇంత శనగపిండి వేసింది. మూడుసార్లు కడుక్కున్నాకే పాపను తీసుకున్నాను. ఆ సబ్బులన్నీ మా బాత్రూం గచ్చు కడగడానికి పనికొచ్చాయి.

నేను సబ్బు మానలేదు. నూనె నూనెకూ లెక్క విడిగా రాసుకుని, ఓపిక పట్టి ఆరబెట్టి, ఇరుగుపొరుగుకు ఇచ్చేదాకా వచ్చాను. పెద్దమ్మ మాత్రం అడగలేదు, నేనూ ఇవ్వబోలేదు. ఏడాది తర్వాత ఒక ఉదయం చంకలో పాపతో వచ్చి, "ఏడాది నిండింది. ఇగ సబ్బియ్యి బిడ్డా" అంది.

రెండు నెలలు ఆరిన సబ్బు తీసి, ఆమె ఎదుటే నాలిక ఆనించి కాసేపు ఆగాను. చురుక్కు లేదు.

"ఏంది, ఎంగిలి జేసి ఇస్తవా?"

"ఎంగిలి చేయకుండా ఇవ్వను పెద్దమ్మా."

ఆమె సబ్బు తీసుకుని, రెండో వైపు తిప్పి, తన నాలిక కూడా ఆనించింది. మొహం చిట్లించి, "చేదుగున్నది. మంచిదే" అని కొంగున ముడేసుకుంది.