రూతమ్మ విన్న మాటలు

మా పై అంతస్తులో ఎవరో స్నానాలగది బాగు చేయించుకుంటున్నారు. పొద్దున్నే సుత్తి దెబ్బలు మొదలవుతాయి. కాసేపటికల్లా మెట్ల మీదుగా తడి సిమెంటు వాసన, దాని వెనకే నీళ్ళు తాగిన కొత్త ఇటుక వాసన దిగివస్తాయి. తక్కినవాళ్ళు తలుపులు మూసుకుంటారు, నేను బార్లా తీసి పెట్టుకుంటాను. ఎండకు కాగిన ఇటుకను తొట్టిలో వేస్తే బుసబుసమని నీళ్ళు పీల్చుకుంటూ అది వదిలే ఆ వాసన నాకు పీలమేడు పాతవీధిలో మా అవ్వ ఇంటి పెరడు వాసన, ఆ ఇంటి పెంకులు దించి డాబా వేసిన ఎండాకాలపు వాసన.

అప్పటికి అరవదేశపు మా పీలమేడు ఇంకా సగం పల్లె. మిల్లు సంగు, అదే సైరను, ఊదితే అవ్వ పొయ్యి మీద కాఫీ నీళ్ళు పెట్టేది, మళ్ళీ ఊదితే పప్పు ఎసట్లో పడేది. గడియారం ఉన్నా ఎవరూ దాని మొహం చూసేవారు కాదు. వేసవి సెలవుల్లో పిల్లలమంతా ఆ ఇంట్లోనే పడి ఉండేవాళ్ళం. వేళ్ళతో తోడుకుని తినే తాటిముంజలు, ఉప్పూకారం చల్లిన పచ్చిమామిడి, మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే చింతగింజలతో వామనగుంటలు, సాయంత్రం పాలక్కాడు కనుమలోంచి వీచే పడమటి గాలికి గోడమీద కూర్చుని తినే గుంతపొంగణాల్లాంటి వేడి పనియారాలు, ఇవే మా చదువూ సంధ్యా.

ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఎన్ని తరాల కిందట తెలుగునేలనుంచి నడిచి వచ్చామో ఎవరికీ సరిగా తెలియదు కానీ మాట మాత్రం మూటకట్టుకుని తెచ్చుకున్నాం. అది చెవికే తెలిసిన భాష. ఈ అక్షరాలు నేను పెళ్ళయ్యాక కూర్చుని నేర్చుకున్నవి. చిన్నప్పుడు మాకు తెలుగంటే ఊరికి తెలియని తాళంచెవి లాంటిది. చీరల అంగట్లో అంగడివాడి ఎదుటే 'రంగు పోయేట్టుండాది, వద్దు' అనుకోవచ్చు. బస్సులో పక్కనావిడ ముక్కుపుడక గురించి ఆవిడ పక్కనే మాట్లాడుకోవచ్చు. ఈ విద్యలో అవ్వను మించినవారు లేరు. మా అవ్వ అరవంలో తేనె, తెలుగులో మిరపకాయ అని అమ్మ నవ్వేది.

ఆ ఏడు మా చిన్నాయనకు పెళ్ళి కుదిరింది. కొత్తకోడలు వచ్చేలోగా పెరటివైపు పెంకులు దించేసి, మొట్టమాడి, అంటే మెట్లెక్కి వడియాలు ఎండబెట్టుకునే డాబా, వేయించాలని అవ్వ పట్టుబట్టింది. తేని ఊరివైపునుంచి అంతోణి మేస్త్రి అనే ఆయన తన మనుషులతో దిగాడు. పని అయ్యేదాకా వాళ్ళు మా పెరటి చివర ఖాళీగా ఉన్న పశువులకొట్టంలోనే ఉండేట్టు మాట. అంతోణి చిన్నమనిషి, మాట తక్కువ. ఆయన భార్య రూతమ్మ దానికి తలకిందులు. నిండైన మనిషి, గోడ అవతలికి వినబడే గొంతు, తలమీద ఇటుకలతో నిచ్చెన ఎక్కుతూ కూడా నవ్వగలిగే ఊపిరి. వాళ్ళంతా అరవంలోనే మాట్లాడేవారు. రూతమ్మ నన్ను 'అమ్మిణీ' అని పిలిచి, ఇసుకలో పిల్లగవ్వలు దొరికితే కొంగున దాచి తెచ్చిచ్చేది. అవ్వను 'పెరియమ్మా' అని గౌరవంగా పిలిచేది.

అవ్వ వాళ్ళను బాగా చూసుకుంటున్నాననే అనుకునేది. 'వాంగ, ముందు కాపి తాగి పని మొదలుపెట్టండి' అని అరవంలో ఎంతో ఆప్యాయంగా పిలిచేది. ఆ వెంటనే లోపలికి తిరిగి అమ్మతో తెలుగులో 'పొద్దుటి డికాషన్లో నీళ్ళు పోసి ఇచ్చేసెయ్, వాళ్ళకు వేడిగా ఉంటే చాలు' అనేది. వాళ్ళ లోటాలు వేరు. అవి పెరటి గోడగూట్లో బోర్లించి ఉండేవి. పగలంతా తిన్నెమీద కూర్చుని వాళ్ళు పెట్టే ప్రతి ఇటుకనూ చూస్తూ, వాళ్ళ చెవినబడేలాగే తెలుగులో వ్యాఖ్యానం చేసేది. 'ఆ లావుది చూడవే, ఒక గంప మోసేలోగా రెండు లోటాల కాపి తాగుతుంది.' 'మేస్త్రి గోడ చూస్తా ఉండాడా, నిద్దరపోతా ఉండాడా?'

కొన్నాళ్ళకు వింతలు మొదలయ్యాయి. లావుది అని అవ్వ అన్న మర్నాడు రెండో లోటా కాఫీ ఇవ్వబోతే రూతమ్మ చెయ్యి అడ్డుపెట్టి, 'వేండాం పెరియమ్మా, ఒళ్ళు బాగా పెరిగిపోయింది' అంది అరవంలో. ఇంకోనాడు మజ్జిగలో నీళ్ళు ఎక్కువ పొయ్యమని అవ్వ లోపల అమ్మకు చెప్పింది. బయట లోటా ఎత్తిన రూతమ్మ, ఆ మజ్జిగ నొయ్యల్ ఏట్లో స్నానం చేసి వచ్చిందేమో అని తనవాళ్ళతో అంటే అందరూ పగలబడి నవ్వారు. మేస్త్రి నిద్రపోతున్నాడన్న రోజు, అంతోణి గోడకు తూకపు తాడు వేలాడదీసి, అవ్వనే వచ్చి చూడమని వినయంగా పిలిచాడు. అవ్వకు భయం పట్టుకుంది.

"ఆమెకేదో సక్తి ఉండాదే. మనసులోది తెలుసుకుంటుంది," అని అమ్మ చెవిలో చెప్పింది, తెలుగులోనే.

బయట ఇసుక జల్లిస్తున్న రూతమ్మ జల్లెడ ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. దగ్గు వచ్చిందేమో అనుకున్నాను.

కాంక్రీటు పోసే రోజు వచ్చింది. మా వైపు అది పండగలాంటిది. ఆ రోజు పనివాళ్ళకు ఇంటివాళ్ళు ఆకు వేసి విందు పెట్టాలి. తెల్లవారకముందే వంటింట్లో పెసరపప్పు వేగిన వాసన, బెల్లం పాకం వాసన, నానిన మినప్పప్పు రుబ్బురోట్లో తిరిగే చప్పుడు. పెరట్లో కంకర, ఇసుక, సిమెంటు కలిపి, ఇనప తట్టల్లో నింపి, నేలనుంచి పరంజా మీదుగా పైదాకా నిలబడ్డ మనుషుల చేతులు మారుస్తూ పంపుతున్నారు. పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు దగ్గర కప్పు ఉరుస్తుంది. పైగా పడమట మబ్బు కమ్ముతోంది. అందరి కళ్ళూ తట్టమీద ఒకసారి, ఆకాశం మీద ఒకసారి.

అవ్వ మామూలుగానే పని దగ్గరకు వచ్చి గోడవార నిలబడింది. తలెత్తి పైకి చూస్తూనే, వంటింటి గుమ్మంలో ఉన్న అమ్మకు వినబడేట్టు తెలుగులో అంది:

"నెయ్యి మన ఆకులకు మాత్రం వెయ్యి, ఏమే! కూలోళ్ళకు ఎందుకు? పప్పులో రవంత నూనె కలిపేస్తే సరి, వాళ్ళకేమి తెలుస్తుంది!"

ఆ మాట ముగిసిందో లేదో పైనుంచి కేక.

"అవ్వా! పక్కకు జరుగవ్వా! పలక పడతా ఉండాది, జరుగు!"

అరవంలో అరిచి ఉంటే ఎవరిని, ఎందుకు అని అవ్వ తల తిప్పి చూసేదేమో. ఇంటిమాట వినబడేసరికి ఇంట్లోవాళ్ళు పిలిచినట్టే చటుక్కున పక్కకు దూకింది. పరంజాకు కట్టిన తాడు జారి, ఒక మందపాటి చెక్కపలక ఆమె నిలబడ్డ చోటే దభేలున పడి మట్టి లేపింది. అమ్మ గరిటతో పరిగెత్తుకొచ్చింది. నేను అవ్వ చీర పట్టుకుని ఏడుపు లంకించుకున్నాను. అవ్వకు దెబ్బ ఏమీ తగల్లేదు. దుమ్ము దులుపుకుంది, నన్ను దగ్గరకు తీసుకుంది, ఆ తరవాత ఏదో గుర్తొచ్చినట్టు మెల్లగా తలెత్తింది.

"ఎవురు అరిచింది?"

పరంజా మీద రూతమ్మ, తలమీద తట్ట, మొహంలో ఇంకా భయం.

"నేనే అవ్వా."

"నీకు మన మాట వచ్చునా?"

"మా ఇంటి మాట కూడా అదే కదా. మా అమ్మ నాకు దాంట్లోనే జోల పాడింది."

"అయితే... వచ్చిన దినం నుంచీ?"

"అన్నీ వింటానే ఉండాను."

అవ్వ ఇసుక కుప్ప మీద కూలబడింది. పలక పడినప్పుడు కూడా ఆమె మొహం అంతగా పాలిపోలేదు. నీళ్ళ కాఫీ, లావుది, నిద్దరపోయే మేస్త్రి, ఇప్పుడీ నెయ్యి, అన్నీ ఒకటొకటిగా ఆమె కళ్ళముందు నడిచి పోతుండటం మాకు కనబడుతూనే ఉంది. చివరికి ఆమెకు దొరికింది కోపం ఒక్కటే.

"చెప్పకూడదా మరి? ఇన్ని దినాలు గమ్మున వింటా ఉంటివే, ఇది న్యాయమా?"

రూతమ్మ తట్ట దించి పక్కవాళ్ళకు అందించింది. నవ్వలేదు.

"బయట మా మాట మాట్లాడితే ఏ ఊరు, ఏ వీధి అని అడుగుతారు అవ్వా. వీధి పేరు చెప్తే మళ్ళీ లోటా మారిపోతుంది. అరవం మాట్లాడితే ఎవురూ ఏమీ అడగరు."

అవ్వ చూపు గోడగూటి వైపు వెళ్ళి, అక్కడ నిలవలేక తిరిగొచ్చింది. అంతోణి జారిన తాడు బిగించి, కలిపిన సిమెంటు ఎవరికోసమూ ఆగదని అరవంలో కేకేశాడు. రూతమ్మ మళ్ళీ తట్ట అందుకుని, వెనక్కి తిరిగి, తన పాత గొంతుతో అంది:

"పలక పడేది చూసినాను గానీ అవ్వా, నెయ్యి మాట నేను వినలా!"

డాబా మీదనుంచి, పరంజా మీదనుంచి, కంకర కుప్ప దగ్గరనుంచి ఒక్కసారిగా నవ్వులు. అప్పుడు తెలిసింది, వాళ్ళందరి ఇళ్ళలోనూ తెలుగేనని. అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది. చివరికి ఇసుక కుప్ప మీద అవ్వ భుజాలు కూడా కదలడం మొదలుపెట్టాయి.

చినుకులు పడేవేళకు కప్పు పూర్తయింది. గోనెపట్టాలు, చాపలు, ఆఖరికి చిన్నాయన పెళ్ళికోసం కొని దాచిన కొత్త జంపఖానాలు కూడా అవ్వ తెచ్చి ఇచ్చింది, పైన కప్పమని. తరవాత వీధివైపు తిన్నెమీద, పెళ్ళిచూపులకు వచ్చిన వియ్యాలవారు కూర్చున్న చోటే, ఆకులు వేయించింది. చిన్నాయన నసిగాడు.

"అమ్మా, చుట్టాలు కూర్చునే చోటు కదా..."

"తలమీద కప్పు వేసినోళ్ళకన్నా చుట్టాలెవురు రా? పో, నెయ్యిగిన్నె ఎత్తుకురా. నువ్వే వెయ్యాల."

పెళ్ళికొడుకు వంగి వంగి ప్రతి ఆకులోనూ నెయ్యి వేశాడు. రూతమ్మ వేడి అన్నంలో గుంట చేసి, 'ఇంకొంచెం వెయ్యి నాయనా, అవ్వ చూడటంలా' అంది. అవ్వ చూస్తూనే ఉంది. వడలు మాత్రం తన చేత్తోనే వడ్డించింది. క్షమించమని ఆమె ఎవరినీ అడగలేదు. అడగడం ఆమెకు రాదు. మర్నాడు పొద్దున గోడగూడు ఖాళీగా ఉంది. మేము తాగే లోటాల్లోనే, మేము తాగే డికాషన్తోనే కాఫీ పెరట్లోకి వెళ్ళింది.

ఆ తరవాత పని నెమ్మదించింది. అందుకు కారణం అవ్వే. రూతమ్మ 'కూడు' అంటే అవ్వ 'అన్నం' అనేది, ఏది అసలు మాటని ఇద్దరికీ గంటల వాదన. ఏ పాత కథ ఎత్తినా ఇద్దరి ఇళ్ళ ముసలమ్మలూ దాన్ని ఒకేలా చెప్పి ఉండటం తేలేది. మీ ఇద్దరి మాటలు అయితే గానీ గోడ లేవదని అంతోణి మొరపెట్టుకునేవాడు. అవ్వ ఇప్పుడు కూడా తప్పులు పట్టేది, కానీ వాళ్ళ మొహం చూసి, వాళ్ళనే అడిగేది: 'ఈ మూల రవంత వంకరగా ఉండాదే అంతోణీ, నాకే అట్ల కనబడుతుందా?' ఇంట్లో మాకందరికీ చెప్పింది, పనికి వచ్చినోళ్ళ గురించి ఏమన్నా ఉంటే వాళ్ళకు తెలిసే మాటలో వాళ్ళతోనే చెప్పండి, అట్ల చెప్పలేంది అయితే మింగేసెయ్యండి అని.

పెళ్ళికి అంతోణి, రూతమ్మ వచ్చారు. రూతమ్మ ముదురు ఆకుపచ్చ చీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుంది. పందిట్లో అవ్వ అంత దూరంనుంచే 'రా రూతమ్మా, ఇట్ల రా!' అని తెలుగులో కేక పెట్టి, తనపక్కన కూర్చోబెట్టుకుంది. మదురై నుంచి వచ్చిన ఒక చుట్టం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎవురు వీళ్ళు? మనోళ్ళా?"

ఆ అడగడంలో ఉన్నదేమిటో అవ్వకు తెలుసు, రూతమ్మకూ తెలుసు. రూతమ్మ లేవబోయింది. అవ్వ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"మనోళ్ళే," అంది గట్టిగా, పందిరంతా వినబడేట్టు. "మా ఇంటి మాడి వేసినోళ్ళు."

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ వరసలో తిన్నె ఉన్న ఇల్లంటూ ఒక్కటీ మిగల్లేదు. మిల్లు సంగు మూగబోయింది. పని చేసేవాళ్ళు పెరట్లో కాపురముండి, ఇంటివాళ్ళతో పోట్లాడుతూ, నవ్వుతూ, నెలల తరబడి గోడ లేపే తీరిక ఎవరికీ లేదు. ఇప్పుడు పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు, పేరు అడిగేలోగా పని అయిపోతుంది. రూతమ్మవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. అవ్వలా తెలుగులో తిట్టగలిగినవాళ్ళు మా ఇంట్లో నేను ఒక్కదాన్నే మిగిలాను, నా కూతురు అరవంలో జవాబు చెబుతుంది.

మా ఇంట్లో పని పడితే ఇప్పుడు వచ్చేది ఎక్కడో ఉత్తరాది కుర్రవాళ్ళు. వాళ్ళ భాష నాకు రాదు, నాది వాళ్ళకు రాదు. వాళ్ళు తమలో తాము ఏదో అనుకుని నవ్వుకుంటారు, నా గురించే అయినా అయ్యుండవచ్చు. వాళ్ళను సైగలతో అడిగి, 'అన్నం తిందురు రండి' అనడం మాత్రం వాళ్ళ మాటలో నేర్చుకున్నాను. నేను పలికే తీరుకు వాళ్ళు పడీపడీ నవ్వుతారు. నవ్వి, చేతులు కడుక్కుని, మా బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంటారు.