ఈత మాస్టారి గురించి ఆరా

ఆమెకు అనుమానపు జబ్బు ఉందని తోటికోడలు అంది. మాస్టార్ల పరువు తీయడమే ఆమె కాలక్షేపమని తోటి తల్లులు అన్నారు. రెండూ తప్పే. కూతురికి పాఠం చెప్పబోయేవారు ఎవరైనా సరే, వాళ్లు అంతకుముందు పనిచేసిన చోటికి వెళ్లి అడగడం ఆమె అలవాటు. వినేటప్పుడు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎదుటివాళ్లు ముగించేదాకా పెదవి కదిపేది కాదు. కూతురికి ఈత నేర్పడానికి వచ్చిన కొత్త మాస్టారిని, ఆయన అంతకుముందు పనిచేసిన ఈత కొలను నుంచి గెంటేశారని పుకారు పుట్టింది. “ఊరికే గెంటేస్తారా? వెంటనే మాన్పించాల్సిందే!” అని తల్లిదండ్రులంతా పట్టుబట్టారు. “ఒక్కరోజు ఆగండి, కనుక్కొస్తాను,” అని ఆమె రెండు బస్సులు మారి అక్కడికి వెళ్లింది.

“గెంటేయడమేంటి అక్కా! ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గదికి గడియ పెట్టించమని మేనేజరుతో పోట్లాడీ పోట్లాడీ, ఆయనే మానేశాడు,” అంది అక్కడ ఈత నేర్చుకున్న పిల్ల తల్లి. ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోక ఆమె మేనేజరునూ అడిగింది. అతనూ నిజమేనని ఒప్పుకున్నాడు. ఆమె తిరిగొచ్చి తల్లిదండ్రులకు ఆ సంగతి చెప్పడంతో మాస్టారి ఉద్యోగం నిలిచింది. మర్నాడు గట్టున కూర్చున్న ఆమెను చూసి ఆయన నవ్వాడు: “ఇంకా అనుమానమేనా అమ్మా?”

“మీ మీద ఏం లేదు మాస్టారూ. అయినా నేనిక్కడే కూర్చుంటా.”

ఆమె ఒక నిర్దోషిని నిలబెట్టింది, కూతురిని కనిపెట్టుకునే ఉంది.