బావి పేరు

సౌదీలోని హాయిల్ ఎడారిలో రైలు మార్గానికి పటాలు గీసే రోజుల్లో, మా సర్వే పెద్దసారుతో వేగలేకపోయేవాణ్ణి. పాత పటంలో బావి గుర్తుంటే చాలు, అక్కడ జీపు ఆపించేవారు. ఒంటెల కాపరి చెప్పిన పేరు రాసుకుని బయల్దేరచ్చుగా? "ఆగు తమ్మీ, ఇంకొకల్ని అడుగుదం" అనేవారు. మళ్లీ ఇంకో గుడారం, మళ్లీ గహ్వా కాఫీ, మళ్లీ ఇంకో పేరు. నేను జీపులో పళ్లు నూరుకుంటూ కూర్చునేవాణ్ణి.

"పట్టాలేసేవాళ్లకు పేరుతో పనేముంది సార్?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"పేరు లేని బాయిని మట్టేసి పూడుస్తరు. పేరుంటే, పూడ్చేముందు ఒకల్నన్న అడుగుతరు."

స్థానికులకే ఉద్యోగాలనే నితాఖత్, విదేశీ పనివాళ్ల మీద లెవీల దెబ్బకు కంపెనీ ఆయన ఇకామా, అంటే నివాస అనుమతి, పొడిగించలేదు. ఎగ్జిట్ వీసా మీద ఇండియాకు వెళ్లిపోయారు. మిగిలిన పని ముగించడానికి నేనొక్కణ్ణే వెళితే, మేం అంతకుముందు ఆగిన ఒక బావి దగ్గర ముసలి కాపరి ఎదురొచ్చాడు.

"మీ పెద్దాయన రాలేదా?" అని అరబీలో అడిగాడు. "అప్పుడాయన కొత్త మనిషని ఈ బావికి వేరే పేరు చెప్పాను. ఇప్పుడు అసలు పేరు చెబుదామని."

"ఆయన ఇక రారు. నాకు చెప్పండి" అన్నాను.

నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు జీపులో కూర్చునేవాడివి కదా" అని ఒంటెల వైపు వెళ్లిపోయాడు.