తందూరు దాకా వైరు

నడుముకు చుట్టుకున్న రుమాలులో కటింగ్ ప్లేయర్ లేకుండా ఎర్గాష్ తాత మసీదుకు కూడా వెళ్లడు. మర్గిలాన్ ఊళ్లో ఆయనింటి వీధితలుపు గంట నొక్కితే గొర్రెలపాకలో దీపం వెలుగుతుంది. అదంతా ఆయన చేతి చలవే. భార్య సాలిహా నానమ్మ మసక చీకట్లో రొట్టెలు కాల్చలేకపోతోందని, ఈ మధ్య ద్రాక్షపందిరి ఇనుప గుంజల మీదుగా పెరట్లోని తందూరు దాకా వైరు లాగాడు. అతుకులకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, చంటిబిడ్డను పొత్తిళ్లలో పెట్టినంత మురిసిపోయాడు.

ఆ సాయంత్రం వెలుగుతున్న దీపం కరెంటాఫీసు షుహ్రత్ కంటబడింది. "తాతా, దీనికి పర్మిషనేదీ?"

"నా పెరడు, నా పందిరి, నా పెళ్లాం! మధ్యలో ఎవడి పర్మిషన్రా?"

"ఇంట్లో బల్బు మార్చుకోండి, ఎవరూ అడగరు. ఆరుబయట లైనంటే మావాళ్లు చూసి సరేననాలి."

తాత పియాలా నిండా టీ పోసి అతని ముందుకు తోశాడు. ఆ ఊళ్లో రెండు గుక్కలు పోస్తే కూర్చోమని, అంచుదాకా పోస్తే తాగి లేవమని. షుహ్రత్ నవ్వుకుంటూ తాగి లేచాడు. బూట్లు తొడుక్కుంటూ, "నానమ్మ చెయ్యి చూడండి," అన్నాడు.

తందూరు గోడలకు ఉప్పునీళ్లు చిలకరించిన తడిచేత్తోనే ఆమె గుంజ పట్టుకోబోతోంది. అక్కడే ట్యూబు జారి, గుంజకు ఆనుకుని రాగి తీగ మెరుస్తోంది.

"ముట్టుకోకే!" అంటూ తాత పరిగెత్తి ప్లగ్గు పీకేశాడు.

"నీ దీపం అప్పుడే అలిగిందా?" అంది నానమ్మ చీకట్లోంచి.

తాత గుమ్మం దాటుతున్న షుహ్రత్‌ను, "ఎక్కడికిరా, కూర్చో," అని వెనక్కి పిలిచి, పియాలాలో ఈసారి రెండు గుక్కలే పోశాడు.